హార్మోన్లు మొదలైన ఆరు నెలలు: నా రిపోర్టులు, నా లెక్కల పుస్తకం

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక ఇత్తడి సామాన్ల అంగట్లో నేను లెక్కలు రాస్తాను. తొమ్మిదేళ్లుగా అదే పని. కుందులు, హారతి పళ్లేలు, గంటలు, చెంబులు ఎన్ని కిలోలు దిగాయి, ఎన్ని అమ్ముడుపోయాయి, ఎవరి బాకీ ఎంత, అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. అంకెలంటే ఏనాడూ భయపడలేదు. అలాంటిదాన్ని 2023 ఏప్రిల్‌లో ఒక రాత్రి రెండు రక్తపరీక్షల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, వాటి మీద ఉన్నదేమిటో అర్థం కాక తెల్లవారేదాకా ఏడ్చాను. ఆ ఏడుపు ఇంకొకరికి రాకూడదని ఇది రాస్తున్నాను.

నేను ట్రాన్స్ మహిళను. హార్మోన్ మాత్రలు మొదలుపెట్టేనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. కొర్లగుంటలో అమ్మా నేనూ ఉంటాం. నాన్న లేడు. అమ్మకు విషయం చెప్పడానికి పట్టిన ఏళ్లు, మా మధ్య నడిచిన గొడవలు ఇక్కడ రాయను. అవి నావి మాత్రమే కాదు, అమ్మవి కూడా.

మొదట మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాను. మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడి ఉత్తరం రాసిచ్చారు. ఇది మానసిక జబ్బు కాదని, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో 2022 జనవరి నుంచి దీన్ని మానసిక రోగాల అధ్యాయంలోంచి తీసి వేరేచోట పెట్టారని ఆయనే చెప్పారు. ఆ మాట అమ్మ ముందు చెప్పమని అడిగాను. రెండోసారి వెళ్లినప్పుడు అమ్మను తీసుకెళితే ఓపిగ్గా చెప్పారు కూడా.

ఆ తర్వాత హార్మోన్ల డాక్టర్ మేడం. ఆమె మాత్రల సంగతి ఎత్తకముందే అడిగిన మొదటి ప్రశ్న: "పిల్లల గురించి ఆలోచించుకున్నావా అమ్మా?" మాత్రలు వాడే కొద్దీ వీర్యం తగ్గిపోతుందట, మానేస్తే మళ్లీ మామూలవుతుందన్న హామీ లేదట. దాచిపెట్టుకోవాలంటే ముందే దాచుకోవాలి. నేను రెండు వారాలు ఆలోచించుకుని, వద్దనుకున్నాను. నిర్ణయం ఎవరిది వాళ్లదే. కానీ ఆ రెండు వారాలు నాకు దొరికాయి, చాలామందికి దొరకవు. మీకు ఎవరూ ఈ ప్రశ్న వేయకపోతే మీరే అడగండి.

మాత్రలు మొదలుపెట్టే ముందు ఇంకో పని చేశాను. డిసెంబరు చివర్లో కొండెక్కి కల్యాణకట్టలో గుండు చేయించుకున్నాను. ఎవరూ మొక్కుకోలేదు, నాకు నేనే అనుకున్నాను. ఇన్నాళ్లూ మగపిల్లాడిగా పెరిగిన జుట్టు స్వామికి, ఇకమీదట పెరిగేది నాది. ఈ గుండు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత వస్తుంది.

జనవరి మొదటి వారంలో తొలి రక్తపరీక్ష. టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్), ఎస్ట్రాడయోల్ (ఆడ హార్మోన్) మాత్రమే చూస్తారనుకున్నాను. మేడం రాసిన చీటీ చూస్తే చాంతాడంత ఉంది: కాలేయం, కిడ్నీలు, కొవ్వులు, షుగరు, హిమోగ్లోబిన్, పొటాషియం, ప్రొలాక్టిన్, థైరాయిడ్. ఇన్ని ఎందుకని అడిగితే, "రేపు ఏదైనా మారితే అది మాత్రల వల్ల మారిందా, ముందునుంచే అలా ఉందా అని తెలియాలి కదా" అన్నారు. అంగట్లో కొత్త సంవత్సరం మొదటిరోజు సరుకంతా తూకం వేసి నిల్వ రాసుకుంటాం. అది లేకపోతే ఏడాది చివర్న ఏం పోయిందో, ఏం మిగిలిందో చెప్పలేం. ఇదీ అంతే అని నాకు వెంటనే పట్టుబడింది.

ల్యాబులో కౌంటర్ దగ్గర కుర్రాడు నా మొహం, కాగితం రెండుసార్లు చూసి, వెనకనున్న వాళ్లకు వినబడేలా "మేల్ అని వేయాలా, ఫిమేల్ అనా?" అని అరిచాడు. నా దగ్గర అప్పటికే కలెక్టర్ సంతకంతో వచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు ఉంది. అది చూపించాను. వాడి కంప్యూటర్లో ఆ గడి లేదు. చివరికి మేల్ అని వేశాడు. అప్పుడు అవమానమనిపించింది. అంతకంటే ముఖ్యమైన సంగతి నాకు ఆర్నెల్ల తర్వాతగానీ తెలియలేదు: ఆ గడిలో ఏది వేస్తే రిపోర్టులో "ఉండాల్సిన పరిమితి" అన్న వరుస దాన్నిబట్టే వస్తుంది.

ఆ మొదటి రిపోర్టులో టెస్టోస్టెరాన్ 5.42, ఎస్ట్రాడయోల్ 28. రెండూ మగవాళ్లకు ఉండాల్సిన పరిమితిలోనే. నా పాత పద్దుల పుస్తకం ఒకటి తీసి మొదటి పేజీలో తేదీ వేసి ఆ రెండు అంకెలు రాసుకున్నాను. అంకెలు మాత్రమే రాసుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

మేడం రాసినవి రెండు మాత్రలు. రోజుకు 2 మిల్లీగ్రాముల ఎస్ట్రాడయోల్ వాలరేట్, 50 మిల్లీగ్రాముల స్పైరోనోలాక్టోన్. ఒక నెల తర్వాత రెండోది 100 చేశారు. ఇవి నా రక్తం, నా బీపీ చూసి నాకు రాసిన మోతాదులు, ఇంకొకరికి పనికిరావు. స్పైరోనోలాక్టోన్ అసలు బీపీకి, ఒంట్లో నీరు దిగడానికి వాడే మాత్ర. ఇది టెస్టోస్టెరాన్‌ను పెద్దగా తగ్గించదు, ఎక్కువగా దాని పని జరగకుండా అడ్డుపడుతుంది. తిరుపతి బస్టాండులో కిటికీలోంచి తుండు వేసి సీటు పడతారు చూడండి, అలా. మనిషి బస్సులో ఉంటాడు కానీ కూర్చోవడానికి చోటుండదు. కాబట్టి ఈ మాత్ర వాడేవాళ్లకు రక్తంలో టెస్టోస్టెరాన్ ఇంకా కనబడుతున్నా, ఒంట్లో దాని పని అప్పటికే చాలావరకు ఆగి ఉండొచ్చు. దాన్ని నిజంగా దించేది ఎస్ట్రాడయోల్. అది రక్తంలో సరిపడా ఉంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఇక చాలనుకుని వృషణాలకు పంపే కబురు తగ్గిస్తుంది. ఈ ముక్క మేడం నాకు మొదటిరోజే చెప్పారు. నేను సగం విన్నాను. మాత్రల చీటీ చేతిలో ఉన్న ఆనందంలో ఇంకేం వినబడుతుంది?

మొదటి నెల పెద్దగా ఏమీ లేదు, మాటిమాటికీ ఒంటేలుకు పోవడం తప్ప. అంగట్లో యజమాని ఒకసారి అడిగాడు కూడా, షుగరేమో చూపించుకోమని. నెల తిరిగేసరికి పొటాషియం ఒక్కటే మళ్లీ చూశారు. జనవరిలో 4.3 ఉన్నది 5.3 అయింది. పరిమితి సుమారు 5 దాకానే. స్పైరోనోలాక్టోన్ ఒంట్లో పొటాషియం ఆపేస్తుంది, మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఏం తింటున్నావని అడిగారు. అన్నం, సంగటి, ఊరుబిండి, మామూలే అన్నాను. "తాగేది?" అన్నారు. అప్పుడు తట్టింది. మాటిమాటికీ దాహమవుతోందని అంగడి ఎదురుగా ఉన్న బండి దగ్గర రోజుకు రెండు ఎలనీళ్లు, అదే కొబ్బరిబోండాలు, తాగుతున్నాను. ఎండాకాలం రాబోతోంది, ఎలనీళ్లకంటే మంచిదేముందనుకున్నాను. ఎలనీళ్ల నిండా పొటాషియమే. రెండూ మానేశాను. పది రోజుల తర్వాత 4.6.

సోడియం తగ్గించిన ఉప్పు ప్యాకెట్లని అంగళ్లలో అమ్ముతారు, బీపీ ఉన్నవాళ్లు కొంటారు. వాటిలో సోడియం బదులు కలిపేది పొటాషియమే. ఈ మాత్ర వాడేవాళ్లు ఆ ప్యాకెట్ జోలికి పోవద్దని మేడం గట్టిగా చెప్పారు.

దీనికి సంబంధించి ఒక మాట. ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం ఎండకు తిరిగొచ్చి, ఇంట్లో ఎవరో చుట్టాలు తెచ్చిన ఎలనీరు చేతిలోకి తీసుకున్నాను. అమ్మ వంటింట్లోంచి అరిచింది: "ఎలనీళ్లు తాగొద్దని డాక్టరమ్మ చెప్పలేదామే? మళ్లా తాగతా ఉండావే!" నేను కింద పెట్టేశాను. పది నిమిషాల తర్వాత స్నానానికి పోతూ ఆగిపోయాను. మా వైపు మగపిల్లలని "రా" అంటారు, ఆడపిల్లలని "మే" అంటారు. అమ్మ తెలిసి అన్నదో, కోపంలో నోరు జారిందో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

మూడో నెలకొచ్చేసరికి ఒంట్లో మార్పు మొదలైంది. పొద్దున లేచేసరికి మగవాళ్లకు సహజంగా జరిగేది ఆగిపోయింది. చర్మం మెత్తబడింది, చెమట వాసన మారింది. ఒకరోజు గంటల డబ్బా ఎత్తి ఛాతీకి ఆనించుకుంటే ప్రాణం పోయినంత నొప్పి. రాత్రి తడిమి చూసుకుంటే రెండువైపులా చనుమొన కింద చింతగింజంత గట్టి గడ్డ. ఛాతీ పెరగడం మొదలైందని, నొప్పి పెడుతుంటే సంతోషమేసింది. మరుసటిరోజు నుంచి డబ్బాలు నడుం మీద పెట్టుకుని మోస్తున్నాను.

జుట్టు మాత్రం నాకు తొందర. గుండు మీద నెలకు ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువగా పెరుగుతుంది, అంతే. ఎవరి జుట్టయినా అంతే. మార్చికి నా తల వెంట్రుకలు మూడు వేళ్ల మందం కూడా లేవు. అంగడికి వచ్చే ఒకామె జుట్టు ఒత్తుగా రావడానికి బయోటిన్ మాత్రలు వాడానంది. మందుల షాపులో చీటీ అడగలేదు. 10 మిల్లీగ్రాములవి తెచ్చుకుని రోజూ పొద్దున్నే వేసుకున్నాను. విటమినే కదా అని మేడంకు చెప్పనే లేదు.

ఏప్రిల్‌లో మూడు నెలల పరీక్ష. పాత ల్యాబులో ఆ అరుపు గుర్తొచ్చి వేరే ల్యాబుకు వెళ్లాను. సాయంత్రం రిపోర్టు ఫోన్‌కు వచ్చింది. టెస్టోస్టెరాన్ 612. ఎస్ట్రాడయోల్ 438.

పద్దుల పుస్తకం తెరిచాను. జనవరిలో 5.42. ఇప్పుడు 612. నా కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. మూడు నెలలు మాత్రలు మింగితే తగ్గాల్సింది వంద రెట్లకు పైగా పెరిగిందా? అమ్మ పడుకున్నాక దీపం వేయకుండా ఫోన్ వెలుతురులో రెండు కాగితాలూ చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడో ఒంటిగంటకు, అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది కంటబడింది. మొదటి ల్యాబు ఒక మిల్లీలీటరు రక్తంలో ఎన్ని నానోగ్రాములో ఇచ్చింది. రెండోది ఒక డెసిలీటరులో ఎన్నో ఇచ్చింది. డెసిలీటరంటే వంద మిల్లీలీటర్లు. అంటే జనవరి అంకెను వందతో గుణించాలి: 542. కిలోల లెక్క, గ్రాముల లెక్క పక్కపక్కన పెట్టి కొట్లాడుకున్నాను. తొమ్మిదేళ్లు లెక్కలు రాసినదాన్ని, కొలత రాయకుండా అంకె రాసుకున్నాను.

అయినా ఊరట కలగలేదు. 542 నుంచి 612. తగ్గలేదు సరికదా, పెరిగింది. ఎస్ట్రాడయోల్ చూస్తే ఆకాశంలో ఉంది. ఎక్కడో చదివాను, ఎస్ట్రాడయోల్ 100 నుంచి 200 మధ్య ఉంటే టెస్టోస్టెరాన్ 50 లోపుకు దిగాలని. హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్న లక్ష్యాలవి. మరి 438 ఉండి 612 ఏమిటి? నా ఒళ్లు మాట వినని ఒళ్లేమో అనుకున్నాను. ఇంకో రెండు మాత్రలు ఎక్కువ వేసుకుందామని స్ట్రిప్పు చేతిలోకి తీసుకున్నాను కూడా. వేసుకోలేదు. పొటాషియం గుర్తొచ్చి ఆగాను.

మేడం దగ్గరికి మూడోరోజు వెళ్లాను. ఆమె హార్మోన్ల అంకెలు చూసి, పేజీ తిప్పి, థైరాయిడ్ అంకె దగ్గర ఆగారు. టీఎస్‌హెచ్ 0.18. జనవరిలో 2.3. ఇది ఇంత తగ్గితే థైరాయిడ్ మరీ ఎక్కువ పనిచేస్తోందేమోనని అనుమానమట.

"గుండె దడగా ఉంటోందా?"

లేదు.

"బరువు తగ్గావా? చేతులు వణుకుతున్నాయా?"

లేదు మేడం, ఒక కిలో పెరిగాను.

"ఛాతీ దగ్గర?"

చింతగింజ సంగతి చెప్పాను. ఆమె కాగితం పక్కన పెట్టి నా తల వైపు చూశారు. "జుట్టుకేమైనా వాడుతున్నావా?"

రక్తం పరీక్షించే మిషన్లలో చాలావాటికి లోపల బయోటిన్‌నే జిగురులాగా వాడతారట. మనం మింగిన బయోటిన్ రక్తంలో ఎక్కువగా ఉంటే ఆ జిగురు పట్టాల్సిన చోట అది పోయి పట్టుకుంటుంది, మిషన్ లెక్క తప్పుతుంది. టెస్టోస్టెరాన్, ఎస్ట్రాడయోల్ లాంటి చిన్న అణువుల పరీక్షల్లో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ లాంటివాటిలో తక్కువ చూపిస్తుంది. అన్ని మిషన్లలోనూ ఇలా జరగదు, కానీ జరిగే మిషన్లు ఏ ఊళ్లోనైనా ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీని గురించి హెచ్చరించింది. నేను రక్తం ఇచ్చిన రోజు పొద్దున కూడా ఆ మాత్ర వేసుకునే వెళ్లాను. తొందరపడి ఎవరైనా నాకు థైరాయిడ్ మందు మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

బయోటిన్ వారం రోజులు ఆపేసి, పొద్దున ఎనిమిదింటికి, ఆ పూట మాత్రలు వేసుకోకముందు, అదే ల్యాబులో మళ్లీ రక్తం ఇచ్చాను. టెస్టోస్టెరాన్ 171. ఎస్ట్రాడయోల్ 72. టీఎస్‌హెచ్ 2.1. మూడు నెలల్లో మూడింట రెండొంతులు దిగింది. లక్ష్యానికి ఇంకా దూరమే, కానీ దారి సరైనదే. మేడం ఎస్ట్రాడయోల్ 4 మిల్లీగ్రాములు చేశారు. తొలి ఏడాది మూడు నెలలకోసారి పరీక్ష చేయించేది ఇలా మెల్లగా సరిచూసుకోవడానికేనట.

పొద్దున మాత్రకు ముందే ఎందుకివ్వాలో కూడా ఆరోజే అర్థమైంది. మాకు తెలిసిన కొందరు ఎస్ట్రాడయోల్ మాత్రను మింగకుండా నాలుక కింద పెట్టుకుంటారు. అలా పెట్టుకున్న గంటకు రక్తం ఇస్తే అంకె ఎక్కడికో పోతుంది, కొన్ని గంటలకు సగానికి సగం పడిపోతుంది. అదే మనిషి, అదే రోజు, రెండు అంకెలు. ఏ వేళకు ఇచ్చారో రాసుకోకపోతే ఆ రెండింటికీ పోలికే లేదు. పలమనేరు వైపు నాకొక స్నేహితుడున్నాడు, ట్రాన్స్ పురుషుడు. అతనికి రెండు వారాలకోసారి టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్. వేసిన మూడోరోజు రక్తం ఇస్తే ఒకటి, పదమూడో రోజు ఇస్తే ఇంకొకటి. అతని డాక్టర్ రెండు ఇంజెక్షన్ల మధ్యరోజు ఇవ్వమంటారు, 400 నుంచి 700 మధ్య ఉండాలంటారు. అతనికి నా పొటాషియం బాధ లేదు కానీ రక్తం చిక్కబడుతుందేమోనని హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, చూస్తుంటారు.

ఆ మే నెలలో గంగమ్మ జాతర వచ్చింది. తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు. మగవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, పూలు పెట్టి, తాతయ్యగుంట గంగమ్మ గుడికి వస్తారు. ఆడవాళ్లను వేధించిన పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు వేసిన వేషాల తలపోత అది. చిన్నప్పుడు ఏడాదికి ఆ వారం రోజులే నేను చీర కడితే ఎవరూ కొట్టేవాళ్లు కాదు. అత్త చీర కట్టి, జడ సవరం పెట్టి, బుగ్గన చుక్క పెట్టి మా నాన్నే భుజం మీద ఎక్కించుకుని తీసుకుపోయేవాడు. జాతర అయిపోగానే చీర విప్పేయాలి. ఆ సాయంత్రం ప్రతి ఏడాదీ నాకు జ్వరమొచ్చేది.

ఈసారి నేను మామూలు నూలు చీర కట్టుకుని అమ్మతో వెళ్లాను. గుడి వీధిలో వెనకింటి పెద్దమ్మ కనబడి, "ఏం మొక్కుకున్న్యావు నాయనా?" అంది. మొక్కు కాదు పెద్దమ్మా అన్నాను. ఆమె నా వైపు, అమ్మ వైపు చూసి, చేతిలోని మల్లెపూల్లో ఒక మూర తుంచి ఇచ్చింది. పెట్టుకోవడానికి జడ లేదు. అమ్మ తన తలలో పెట్టుకుని, ఇంటికొచ్చాక దేవుడి పటం ముందు పెట్టింది.

నాకు రమారమి అమ్మ వయసున్న అక్క ఒకామె ఉంది, మా హిజ్రా అక్క. ఆమె గురించి రాయకుండా ఉండలేను. ఆమె కాలంలో ఇటువైపు డాక్టర్లెవరూ తలుపు తీసేవాళ్లు కాదు. ఎవరో చెబితే గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టింది, పదిహేనేళ్లు వేసుకుంది, రోజుకు మూడు నాలుగు. నా పుస్తకం చూసి తనూ ఎస్ట్రాడయోల్ పరీక్ష చేయించుకుంది. 19 వచ్చింది. "ఇన్ని మింగినా ఎక్కలేదు చూడు" అని మాత్రలు ఇంకా పెంచింది. ఆమెకు తెలియనిది, నాకూ అప్పటికి తెలియనిది ఏమిటంటే, ఆ మాత్రల్లో ఉండేది ఎథినైల్ ఎస్ట్రాడయోల్ అనే వేరే మందు. మామూలు ఎస్ట్రాడయోల్ పరీక్షలో అది దాదాపు కనబడదు. కాగితం మీద 19 ఉంటుంది, ఒంట్లో మోయలేనంత ఉంటుంది. రక్తం గడ్డకట్టే ముప్పు దానితో బాగా ఎక్కువ. అందుకే ఇప్పుడు ఈ చికిత్సలో దాన్ని వాడొద్దంటారు. పైగా అక్క బీడీ తాగుతుంది.

జూన్‌లో ఆమెకు ఎడమ పిక్క వాచింది. నడిచి నడిచి వచ్చిందని కొబ్బరి నూనె రాసుకుంటూ కూర్చుంది. నేను ఆటో తెచ్చి బలవంతంగా తీసుకెళ్లాను. రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్ తీశారు. రక్తం గడ్డకట్టలేదన్నారు. ఆ మాట విన్నాక ఆసుపత్రి వరండాలో అక్క నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాతోపాటు మేడం దగ్గరికి వచ్చింది. ఆ మాత్రలన్నీ ఆపించారు, బీడీ మానమన్నారు, పరీక్షలన్నీ చేశాక చర్మానికి రాసుకునే ఎస్ట్రాడయోల్ జెల్ రాశారు. చర్మం మీంచి వెళ్లేది ముందు కాలేయానికి పోదు కాబట్టి గడ్డకట్టే భయం తక్కువట.

జులైలో నా ఆరో నెల. టెస్టోస్టెరాన్ 41 నానోగ్రాములు, డెసిలీటరుకు. ఎస్ట్రాడయోల్ 118 పికోగ్రాములు, మిల్లీలీటరుకు. పొద్దున 8:10కి, మాత్రకు ముందు, బయోటిన్ లేదు. ఇప్పుడు నా పుస్తకంలో ఇలాగే రాసుకుంటాను. కొన్ని దేశాల వాళ్లు చెప్పే అంకెలు ఇంకో కొలతలో ఉంటాయి. వాళ్ల ఎస్ట్రాడయోల్ అంకెను 3.67తో భాగించాలి, టెస్టోస్టెరాన్ అంకెను 28.8తో గుణించాలి. ఆ రెండూ పుస్తకం అట్ట లోపల రాసిపెట్టాను.

ఆ రిపోర్టులో ఒక అంకె మాత్రం లావు అక్షరాల్లో, పక్కన కిందికి బాణం గుర్తుతో ఉంది. హిమోగ్లోబిన్ 12.7. జనవరిలో 15.1. రక్తహీనత అనుకుని అమ్మ కంగారుపడింది, కరివేపాకు పొడి కొట్టింది. నాకూ అనుమానమే, ఎందుకంటే ఆ నెలలో అలిపిరి మెట్లెక్కుతూ గాలిగోపురం చేరకముందే రెండుచోట్ల కూలబడ్డాను. 3,550 మెట్లూ ఒక్క ఊపులో ఎక్కేదాన్ని ఇంతకుముందు. మేడం రిపోర్టు చూసి, పైన "మేల్" అని ఉన్న చోట వేలు పెట్టి చూపించారు. టెస్టోస్టెరాన్ ఎర్రరక్తకణాలను పెంచుతుంది. అది తగ్గాక హిమోగ్లోబిన్ కొన్ని నెలల్లోనే ఆడవాళ్ల పరిమితికి దిగుతుంది. ఆడవాళ్లకు 12 పైన ఉంటే సరిపోతుంది. బాణం గుర్తు వేసింది ల్యాబు కంప్యూటర్, నా ఒళ్లు కాదు. మెట్లు మాత్రం ఇప్పుడు మెల్లగా ఎక్కుతున్నాను, మోకాళ్ల పర్వతం దగ్గర మజ్జిగ తాగి కాసేపు కూర్చుంటాను.

ఎస్ట్రాడయోల్ ఇంకా పెంచితే ఛాతీ తొందరగా పెరుగుతుందా అని అడిగాను. అందరూ అడిగేదే. పెరగదన్నారు. అది పూర్తయ్యేది రెండు మూడేళ్లకు, అంకె 200 దాటించినంత మాత్రాన ముందే రాదు, గడ్డకట్టే ముప్పు మాత్రం ముందే వస్తుంది. గొంతు మాత్రలతో మారనే మారదు, దానికి వేరే సాధన చేయాలి. గడ్డం కూడా మాత్రలతో పూర్తిగా పోదు. ఇవి నాకు మొదటి నెలలో తెలిసి ఉంటే రోజూ అద్దం ముందు అంతసేపు నిలబడేదాన్ని కాదు.

ఆగస్టులో అక్కకు జెల్ మొదలైన ఆరు వారాల పరీక్ష. అంగడికి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. పొద్దున జెల్ రాసుకోకముందు రక్తం ఇచ్చింది. చేతికి రాసుకున్న చోటునుంచి సూది గుచ్చితే అంకె తప్పుగా వస్తుందని రెండో చెయ్యి చాపమన్నాను. బయటికొచ్చి టీకొట్టు దగ్గర కూర్చుని, తన కోసం కొన్న కొత్త నోటుపుస్తకం ఇచ్చాను. అక్కకు రాయడం రాదు. నేనే గీతలు గీసి తేదీ వేశాను. రక్తం ఇచ్చిన వేళ 7:50. జెల్ నిన్న పొద్దున 8 గంటలకు, కుడిచేతికి. బయోటిన్ లేదు. నిన్న రెండు బీడీలు, అది కూడా రాయమంది. కొలత గడిలో పికోగ్రాములు, మిల్లీలీటరుకు అని రాశాను. అంకె గడి ఖాళీగా వదిలాను. రిపోర్టు సాయంత్రం ఆరింటికి ఇస్తామన్నారు.